సంతకానికి ముందు ఒక మాట
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లము. మా తెలుగులో తప్పులుంటే మన్నించండి. అమెరికాలో తాత్కాలిక ఉద్యోగ వీసాకు వకీలు సహాయం ఎందుకు అవసరమో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. బడిపంతులు ఈ సంగతి చెప్పడమేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఉన్నది. సిగ్గయినా చెబుతున్నాము.

కొన్నేళ్ల కిందట, మా దగ్గర చదువుకుని ఇంజనీరయిన ఒక కుర్రవాడి తండ్రి రాత్రివేళ మా ఇంటికి వచ్చాడు. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఇంగ్లీషు కాగితాలు మా చేతిలో పెట్టి, "మాస్టర్ సాబ్, వీసా దరఖాస్తు ఖర్చులని కన్సల్టెన్సీ వాళ్లు లక్షలు అడుగుతున్నారు. ఇల్లు తాకట్టు పెట్టమంటారా?" అన్నాడు. మాకు సగం అర్థమయింది, సగం కాలేదు. తెలియదని చెప్పడానికి నామోషీ పడి, "పిల్లవాడి భవిష్యత్తు భాయ్, పెట్టండి" అన్నాము.

కుర్రవాడు వెళ్లాడు. పని దొరికేదాకా ఆగమని కంపెనీ వారు నాలుగు నెలలు జీతం లేకుండా కూర్చోబెట్టారు. గట్టిగా అడిగితే వీసా పోతుందని భయపెట్టారు. వాడు నోరు మూసుకున్నాడు. ఇక్కడ తండ్రి రాత్రింబవళ్లు మిషను తొక్కి వడ్డీ కట్టాడు. చాలాకాలం తరువాత ఒక వకీలును కలిస్తే తెలిసింది, ఆ జీతం వాడికి చట్టప్రకారం రావలసినదేనని. కాని ఫిర్యాదుకు గడువు 12 నెలలు. అది దాటిపోయింది.

అప్పటినుంచి తెలిసినవారిని అడిగి మేము నేర్చుకున్నది ఇది. హెచ్-1బి అనే ఈ వీసా 1990 నాటి అమెరికా చట్టంతో ఇప్పటి రూపానికి వచ్చింది. ఏడాదికి 65,000 మందికి, అక్కడి విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ లేదా అంతకు పైచదువు చదివినవారికి అదనంగా 20,000 మందికి పరిమితి. ఒకసారి మూడేళ్ల వరకు, మామూలుగా మొత్తం ఆరేళ్లు. అడిగేవారు ఎక్కువైతే వారిలోనుంచి కొందరినే ఎంపిక చేస్తారు. కాబట్టి "తప్పకుండా వస్తుంది" అని హామీ ఇచ్చేవారి మాట నమ్మవద్దు.

ముఖ్యమైన సంగతి ఏమంటే, దరఖాస్తు వేయవలసినది ఉద్యోగి కాదు, యజమాని. ఆ దరఖాస్తుకయ్యే వకీలు ఫీజు యజమాని ఖర్చు. దానిని ఉద్యోగి నెత్తిన రుద్దడానికి వీల్లేదు. జీతం ఎంత ఇస్తామో యజమాని కార్మిక శాఖకు ముందుగా రాసివ్వాలి. దాని నకలు పనిలో చేరే రోజుకల్లా ఉద్యోగికి ఇవ్వాలి. అమెరికాలో దిగిన 30 రోజుల్లోపు జీతం మొదలు కావాలి. కంపెనీకి పని లేదని జీతం ఆపకూడదు. గడువుకు ముందే తీసేస్తే ఇంటికి తిరిగివచ్చే ప్రయాణ ఖర్చు కూడా యజమానే పెట్టుకోవాలి. ఉద్యోగం పోయినవారికి వేరే దారి చూసుకోవడానికి 60 రోజుల వరకు వెసులుబాటు 2017 నుంచి ఉన్నది.

ఇక వకీలు సంగతి. కన్సల్టెన్సీలో కూర్చున్నవాడు వకీలు కాడు. అమెరికా వలస చట్టం మీద సలహా చెప్పడానికి అక్కడి ఏదో ఒక రాష్ట్రంలో వకీలుగా నమోదయి ఉండాలి, లేదా ప్రభుత్వం గుర్తించిన ప్రతినిధి అయి ఉండాలి. రెండోది, కంపెనీ పెట్టిన వకీలు కంపెనీ మేలు చూస్తాడు. "అయ్యా, మీరు ఎవరి తరఫు?" అని మొహమాటపడకుండా అడగండి. మన పిల్లవాడి తరఫున కాకపోతే, కాగితం ఇంకొక వకీలుకు చూపించండి. ఆ ఒక్కపూట ఫీజు, తాకట్టు వడ్డీ ముందు ఏపాటిది?

మూడోది, లేని అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్లు పుట్టిస్తామనేవారి గడప తొక్కవద్దు. అబద్ధపు కాగితంతో పట్టుబడితే ఆ దేశం తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు. నియమాలు కూడా ఉన్నట్టుండి మారుతాయి. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలని అక్కడి అధ్యక్షుడు ప్రకటించాడు. నిన్నటి మాట పట్టుకుని నేడు అప్పు చేస్తే మునిగిపోతాము.

సంఘం పెద్దలకు మా మనవి ఒక్కటే. నెలకొక ఆదివారం, ఈ చట్టం తెలిసిన వకీలుతో మన పిల్లలు మాట్లాడే ఏర్పాటు చేయండి. ఫోనులోనైనా సరే. కాగితాలు చదివి ఉర్దూలోను తెలుగులోను విడమరచి చెప్పే పని మా వంటి పంతుళ్లము చూసుకుంటాము. అర్థం కాని చోట మాత్రం తెలియదనే చెబుతాము.

ఆ దర్జీ భాయ్ ఈనాటికీ ఎదురుపడితే "మాస్టర్ సాబ్" అని నవ్వుతూ సలాం చేస్తాడు. ఒక్కనాడూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. మేమే తలెత్తి చూడలేకపోతున్నాము. ఇంకొక తండ్రి ముందు మనలో ఎవరికీ ఆ పరిస్థితి రాకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.