వాసన లేని స్నానపు గది

శుభ్రమైన స్నానపు గదికి గుర్తు ఏమని అడిగినచో మనలో చాలామంది ఫినాయిలు వాసనయే అని చెప్పుదురు. మేమును చాలాకాలము అట్లే తలంచితిమి. మా అక్కగారు మా ఇంట ఉండుటకు వచ్చిన పిదప ఆ తలంపు మారినది. గది కడిగిన దినమున ఆమె లోనికి పోయిన కొన్ని నిమిషములకే దగ్గు, తలనొప్పి, రొమ్ములో బిగింపు ఆరంభమగుచుండెను. పెరటిలో దడి చాటున నీళ్ళు పోసికొన్న దినములును కలవు. స్నానమునకు చోటు లేని ఇల్లు ఆమెకు తన ఇల్లెట్లగును? ఆ ప్రశ్నయే మా చేత గదిని తిరిగి కట్టించినది.

ఇట్టి బాధను గూర్చి థెరాన్ రాండాల్ఫ్ అను అమెరికా వైద్యుడు 1962లో ఒక గ్రంథము ప్రకటించెను. 1987లో మార్క్ కల్లెన్ అను మరియొక వైద్యుడు దానికి నిర్వచనము చేసెను. కారణము విషయమున వైద్యులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. ఘాటు వాసనలు ఉబ్బసమును రేపగలవనుటలో మాత్రము సందేహము లేదు. కావున వైద్యుని సలహా పొందుచునే గదిని సవరించుకొనుట మంచిది.

మొట్టమొదట చేయవలసినది కొనుట కాదు, తీసివేయుట. మేము ఫినాయిలును, పరిమళపు బిళ్ళలను, కలరా ఉండలను వెలుపలికి పంపితిమి. కలరా ఉండలలో వాడు నాఫ్తలీను కొందరి రక్తములోని ఎఱ్ఱకణములను నశింపజేయును. ఆసిడ్‌ను, బ్లీచింగు పౌడరును కలిపినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టును. ఆరోగ్యవంతులకును అది ప్రమాదమే. పైగా మన కడప బండలును, తాండూరు బండలును సున్నపురాయి జాతివి. ఆసిడ్ వానిని తినివేయును. గరుకెక్కిన రాతిపై మురికి మరింత పట్టును. మరల ఆసిడ్ పోయుదుము!

ఇక కట్టడపు సామగ్రి. కాల్చి చేసిన పింగాణి పలకలు వాసన నీయవు. నేలకు గరుకు పలకలను సిమెంటుతో అతికించితిమి. నీరు తగలని పై గోడలకును, కప్పునకును రంగు మాని సున్నము వేయించితిమి. సున్నమునకు గల క్షారగుణము వలన బూజు త్వరగా పట్టదు. ప్లైవుడ్డు తలుపు వద్దంటిమి. దానిని అతికించు జిగురులో సాధారణముగా ఫార్మాల్డిహైడు ఉండును. అది కేన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధక సంఘము 2004లో నిర్ణయించినది. అల్యూమినియము తలుపు పెట్టించితిమి. ప్లాస్టిక్ తెరకు బదులు ఉతికిన నూలుగుడ్డ కట్టితిమి.

ఏ వస్తువు తెచ్చినను దాని తునకను మూత గల గాజుసీసాలో ఉంచి ఒక దినము ఎండలో పెట్టెడివారము. మరునాడు ముందుగా మేము మూత తీసి చూచి, వాసన లేనిచో మాత్రమే అక్కగారికి చూపెడివారము. ఆమె కాదన్నది ఇంటిలోనికి రాలేదు.

వీటన్నిటికంటె ముఖ్యము గాలి. తడి ఆరని గదిలో బూజు పుట్టును. బూజు సహితము ఊపిరికి శత్రువే. నేలకు మీటరుకు 15 మిల్లీమీటర్ల వాలు పెట్టి, పైభాగమున కిటికీయు, గాలిని వెలుపలికి త్రోయు పంకాయు అమర్చితిమి. గ్యాసుతో నీరు కాచు గీజరును మూసిన గదిలో ఎన్నడును ఉంచరాదు. దాని నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు వాసనయే లేదు, ప్రాణమే తీయును. పని ముగిసిన పిదప గదిని ఒక నెల తెఱచియుంచి, అటుపిమ్మటనే వాడితిమి.

ఇప్పుడు గది కడుగుటకు వేడినీళ్ళు, తినే సోడా, వాసన లేని సబ్బు, గట్టి కుంచె చాలుచున్నవి. పని కొంత హెచ్చు. కడిగిన పిదప నేల తుడిచి ఆరబెట్టవలెను. ప్రకృతిసిద్ధమైనదంతయు మంచిదని భ్రమపడరాదు. కుంకుడురసము మాకు హాయి. అక్కగారికి తుమ్ములు తెచ్చినది. సున్నిపిండి మాత్రము ఆమెకు సరిపడినది.

మీ ఇంటిలో ఎవరైనను వాసన పడదని చెప్పినచో అది చాదస్తమని త్రోసివేయకుడు. ఖర్చు లేని పని ఒకటి నేడే చేయవచ్చును: గదిలోని సీసాల నన్నిటిని ఒక వారము వెలుపల పెట్టి, కిటికీ తెఱచి చూడుడు. మా అక్కగారిప్పుడు తలుపు వేసికొని, తీరికగా తలంటి పోసికొనుచున్నారు.