పాత పెట్టెలలో నిలిచిన అక్షరములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఒక పెంకుటింటి అరుగుమీద, రెండు బల్లలతోను ఒక చెక్క బీరువాతోను ఆరంభమైన మన గ్రంథాలయము నేడు స్వంత భవనమున రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఇట్టి శుభసమయమున గ్రంథ మహిమను కీర్తించుట ఆచారము. ఆ పనిని నాకంటె సమర్థులగు వక్తలు ఉదయమునుండియు చేసియున్నారు. కార్యదర్శిగారు నాకు వేరొక విషయము నిర్ణయించిరి. వాడుక తప్పిన కంప్యూటరు సాధనములలో చిక్కుకొన్న వ్రాతలను తిరిగి వెలికిదీయుట ఎట్లు? పాత యంత్రములను ఇంట దాచుట మంచిదా, కాదా? ఇవి నేను చెప్పవలసిన సంగతులు. వీనిని నాకు అప్పగించుటకు కారణము నా పాండిత్యము కాదు, నా తప్పు. దానిని ముందుగా సభాముఖమున ఒప్పుకొందును.

గ్రంథాలయము పెట్టిన తొలి యేట మేము కొందరము యువకులము ఇంటింటికి తిరిగి, వృద్ధుల నోట గ్రామ చరిత్రను వ్రాసికొంటిమి. చెరువుగట్టు తెగిన సంవత్సరపు కథ, ఊరి మొదటి బడి సంగతి, వృత్తులవారి పనిముట్ల పేర్లు, నాట్లవేళ స్త్రీలు పాడు పాటలు, ఇవి అన్నియు కలిసి ఆరు నోటుపుస్తకములు నిండినవి. పట్టణమున ఒక డి.టి.పి. దుకాణమున వానిని టైపు చేయించి మూడు ఫ్లాపీలలోనికి ఎక్కించితిమి. "అంతయు ఫ్లాపీలో నున్నది గదా, ఇక ఈ చిత్తు పుస్తకములెందుకు?" అని వానిని పాతకాగితములవానికి తూకమునకు వేసినవాడను నేనే.

ఈ రజతోత్సవ సంచికలో ఆ చరిత్రను అచ్చువేయవలెనని తలచి, బీరువా అడుగున ఫ్లాపీలను వెదకి పట్టుకొంటిమి. కాని వానిని పెట్టుటకు వీలున్న కంప్యూటరు గ్రంథాలయమున లేదు, పంచాయతీ కార్యాలయమున లేదు, బడిలో లేదు. చేతిలో చరిత్ర యున్నది, చదువుటకు దారి లేదు. ఆ ఫ్లాపీల గతి ఏమైనదో చెప్పుటకు ముందు, ఇట్టి కష్టము మనకంటె ఎన్నో రెట్లు ధనమును విద్యయు గలవారికిని కలిగినదని తెలుపుటకు రెండు వృత్తాంతములు మనవి చేసెదను.

1966, 1967 సంవత్సరములలో అమెరికా దేశపు నాసా సంస్థ 'లూనార్ ఆర్బిటర్' అను ఐదు నౌకలను చంద్రుని చుట్టు తిరుగుటకు పంపినది. మనుష్యుడు దిగుటకు అనువగు చోటు వెదకుట వాని పని. అవి ఫిల్ముపై ఫోటోలు తీసి, ఆ ఫిల్మును నౌకలోనే కడిగి, సన్నని కాంతిరేఖతో గీతగీతగా చదివి, రేడియో సంకేతములుగా భూమికి పంపెడివి. ఇచ్చట ఆ సంకేతములను రెండంగుళముల వెడల్పుగల టేపులపై ఎక్కించిరి. ఆ పనికి వాడిన యంత్రముల పేరు ఆంపెక్స్ ఎఫ్.ఆర్. 900. ఒక్కొక్కటి పెద్ద ఫ్రిజ్జంత యుండును. ఆ కాలమున అచ్చువేసిన చిత్రములలో కనబడినదానికంటె టేపులలో నిలిచిన వివరమే ఎక్కువ.

కాలము గడచినది. సుమారు 1500 టేపులు మిగిలినవి గాని, వానిని చదువు యంత్రములు వాడుక తప్పినవి. నాసావారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పనిచేయుచుండిన నాన్సీ ఎవాన్స్ అను నామె ఆ టేపులను పారవేయనీయలేదు. టేపులున్న చాలదు, యంత్రములును కావలెనని యెరిగి, ప్రభుత్వము వదలుకొన్న ఆంపెక్స్ యంత్రములను సంపాదించిరి. ఉంచుటకు వేరొక చోటు దొరకక తమ ఇంటి కారుషెడ్డులో సంవత్సరముల తరబడి దాచిరి. చూచినవారికి అది తుక్కు; ఆమెకు మాత్రము అది తాళపుచెవి.

2007లో డెన్నిస్ వింగో, కీత్ కౌయింగ్ అను నిరువురు ఈ సంగతి విని ముందునకు వచ్చిరి. యంత్రములను, టేపులను కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ కేంద్రమునకు చేర్చిరి. అచ్చట వారికి దొరికిన కార్యశాల మూతబడిన యొక మెక్‌డొనాల్డ్స్ హోటలు! ఒక యంత్రపు భాగములు తీసి మరొక యంత్రమునకు వేసి, అరిగిన చదువు తలలను బాగుచేయించి, పాత కాగితముల ఆధారముతో లేని భాగములను క్రొత్తగా నిర్మించి పనిచేసిరి. 2008 నవంబరులో తొలి ఫలము వెలువడినది. చంద్రుని అంచుమీదుగా కనబడు మన భూమి చిత్రమది. 1966 ఆగస్టు 23వ తేదీన తీసిన ఆ దృశ్యమే, నలువది రెండేండ్లకు, పూర్వముకంటె ఎంతో స్పష్టముగా లోకమునకు దర్శనమిచ్చినది.

రెండవ వృత్తాంతము ఇంగ్లండుది. 1086లో విలియం రాజు తన రాజ్యములోని భూములను, వాని ఆదాయమును లెక్కవేయించి ఒక గ్రంథము వ్రాయించెను. దానికి డూమ్స్‌డే గ్రంథమని పేరు. దానికి 900 సంవత్సరములు నిండిన సందర్భమున, 1986లో, బి.బి.సి. వారు ఆధునిక డూమ్స్‌డే సిద్ధపరచిరి. దేశములోని బడిపిల్లలు, గ్రామస్థులు, పది లక్షలకు మించిన జనము తమ ఊళ్ల సంగతులు వ్రాసి పంపగా, దానిని పన్నెండంగుళముల లేసరు పళ్లెరములపై ఎక్కించిరి. పదునైదేండ్లు గడచుసరికి ఆ పళ్లెరములను ఆడించు యంత్రములు దొరకుటయే కష్టమైనది. తోలుకాగితముపై వ్రాసిన 900 ఏండ్లనాటి గ్రంథము చక్కగా చదువ వీలగుచుండగా, పదునైదేండ్లనాటి గ్రంథము మూగవోయినది. 2002లో లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయములవారు పాత కంప్యూటరువలె క్రొత్త కంప్యూటరు ప్రవర్తించునట్లు ఒక సాఫ్టువేరు వ్రాసి దానికి మరల నోరిచ్చిరి.

ఈ రెండు కథలవలన తెలియునదేమి? యంత్రముచే చదువబడు వ్రాత నిలువవలెనన్న మూడు నిలువవలెను. వ్రాత యున్న వస్తువు ఒకటి, దానిని చదువు యంత్రము రెండు, ఆ గుర్తులకు అర్థము చెప్పు సంకేతము మూడు. ఇందేది లోపించినను తక్కిన రెండును నిరర్థకములు.

మన పూర్వుల వ్రాతకు ఈ చిక్కు లేకుండెను. తాళ్లపాకవారి కీర్తనలు తిరుమల ఆలయములోని అరలో రాగిరేకులపై శతాబ్దముల కాలము నిద్రించి, 20వ శతాబ్దమున పరిష్కర్తల చేతులమీదుగా అచ్చుకెక్కినవి. వానిని చదువుటకు కావలసినది ఒక దీపము, తెలుగు అక్షరమెరిగిన కన్ను. తాటియాకునకు మాత్రము రాగికున్న ఆయువు లేదు. పురుగు తినును, చివికిపోవును. అందుచేతనే తరతరమున లేఖకులు క్రొత్త ఆకుపై తిరిగి వ్రాసెడివారు. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను పండితులకు జీతములిచ్చి, మూలమూలల నుండి ప్రతులు తెప్పించి, కాగితముపై తిరిగి వ్రాయించెను. తాటియాకు గ్రంథములు ఆకు బలముచేత నిలువలేదు. ఎత్తివ్రాసిన చేతుల బలముచేత నిలిచినవి. ఫ్లాపీకిని అదియే న్యాయము. మేము ఎత్తివ్రాయలేదు, పైపెచ్చు మూలమును అమ్ముకొంటిమి.

ఇక మన ఫ్లాపీల కథ. మన ఊరిలో విశ్రాంత ఉపాధ్యాయులొకరున్నారు. వారు దేనిని పారవేయరు. రేడియోలు, టేపురికార్డర్లు, తీగచుట్టలు వారి అటకనిండ యున్నవి. ఇంటివారు విసుగుకొందురు, వీధివారు నవ్వుదురు, నేనును నవ్వినవాడనే. వారి అటకమీద ఫ్లాపీ పెట్టుటకు వీలున్న పాత కంప్యూటరు దొరికినది. దుమ్ము దులిపి, విద్యుత్తు ఇచ్చితిమి. పనిచేసినది. ఆ యానందములో మొదట చేతికి వచ్చిన ఫ్లాపీని లోపలికి నెట్టితిని. గరగరమని చప్పుడైనది. ఫ్లాపీ యనగా ఇనుపభస్మము వంటి అయస్కాంత పదార్థము పూసిన పలుచని ప్లాస్టికు బిళ్ల. ఆ పూతకు బూజు పట్టియున్నది. యంత్రపు చదువు తల దానిని రాచి గీకివేసినది. రేకు మూతను జరిపి లోపలికి చూచినచో బూజు కంటికి కనబడియుండెడిది. బూజు కొంత, నా తొందర కొంత, ఆ ఫ్లాపీని చంపినవి.

అప్పుడు మాస్టారు నన్ను కూర్చుండబెట్టి, యంత్రపు తలను శుభ్రపరచి, తక్కిన రెండింటిని స్వయముగా చూచిరి. ఒకటి పూర్తిగ వచ్చినది, మరొకటి సగము వచ్చినది. తెరచి చూడగా తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, కొక్కెములు కలగాపులగముగా కనబడినవి. దీనికి కారణము ఫాంటు. పూర్వము తెలుగు ఫాంట్లు తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తలకట్లు, గుడులు, ఒత్తులు తమకు తోచినట్లు అమర్చెడివారు. ఒకరి అమరిక మరొకరికి ఉండదు. ఆ ఫాంటు లేనిచో ఆ వ్రాత అర్థము కాదు. సర్వభాషలకు ఒకే సంఖ్యాక్రమము నేర్పరచిన యూనికోడు ప్రమాణమున 1991లోనే తెలుగునకు స్థానము దొరికినది; 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో అది సామాన్యుల కంప్యూటర్లకు చేరినది. మా ఫ్లాపీలు అంతకు ముందటివి. అదృష్టవశమున ఆ ఫాంటు సైతము మాస్టారి కంప్యూటరులోనే యుండెను. దాని సహాయమున అక్షరములను యూనికోడునకు మార్చితిమి. చెరువుగట్టు కథ, బడి కథ ఈ సంచికలో మీరు చదువబోవుచున్నారు. పనిముట్ల పేర్లు సగము దక్కినవి. నాట్లపాటలు మొదటి ఫ్లాపీలో నుండెను. ఆ పాటలు పాడిన అవ్వలలో నేడు ఒక్కరును లేరు.

ఇట్టి నష్టము మీకు కలుగకుండుటకు కొన్ని మాటలు. పాత ఫ్లాపీ దొరికినచో ముందుగా బూజు ఉన్నదేమో చూడుడు. ఉన్నచో తెలిసినవారిచే శుభ్రము చేయించుడు. వెనుకనున్న చిన్న బిళ్లను జరిపి రంధ్రము తెరచినచో దానిపై క్రొత్త వ్రాత పడదు. ఫ్లాపీని చదువలేకపోయినచో కంప్యూటరు "ఫార్మాటు చేయుదునా" అని యడుగవచ్చును. పొరపాటుననైనను ఒప్పుకొనరాదు, అది పలక తుడుచుటతో సమానము. మొదట మొత్తము ఫ్లాపీకి ఒక నకలు తీసి, ఆ పిమ్మట నకలుపైననే పని చేయవలెను. మామూలు పద్ధతికి లొంగనివానిని గ్రీజ్‌వీజిల్ వంటి చిన్న పరికరముల ద్వారా, పూతపై నున్న అయస్కాంతపు మార్పులనే చదివి పట్టుకొనువారు కలరు.

క్రొత్త సాధనములు శాశ్వతములని భ్రమపడరాదు. ఎండ తగిలిన సి.డి. చెడును. వాడక సంవత్సరముల తరబడి పడవైచిన పెన్‌డ్రైవులోని విద్యుదావేశము జారిపోవచ్చును. ఫోను నీటపడిన ఫోటోలు పోవును. కావున ముఖ్యమైన దానికి మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములగు సాధనములపై నుండవలెను. ఒకటి వేరొక ఊరిలోనో వేరొకరి ఇంటనో ఉండవలెను. అతిముఖ్యమైనది కాగితముపై అచ్చువేసి పెట్టవలెను.

అట్లని కనబడిన ప్రతి పెట్టెను అటకెక్కించుమని నా అభిప్రాయము కాదు. పోగుచేయుట వేరు, భద్రపరచుట వేరు. ఏది దేనికో చీటీ లేని పోగు, యజమాని గతించిన మరునాడే తుక్కగును. పాత కంప్యూటరులోని బ్యాటరీ కారి పలకను తినివేయును. ఉబ్బిన ఫోను బ్యాటరీ నిప్పు పుట్టించును. పాత టీవీ గాజులో సీసముండును. రాగి కొరకు తీగలను కాల్చిన విషపు పొగ పిల్లలు పీల్తురు. ఎలక్ట్రానిక్ వ్యర్థములను నమోదు పొందిన సంస్థలకే అప్పగించవలెనని 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ఉద్దేశము. చదువుటకు పనికివచ్చు యంత్రము ఒకటి రెండు ఉంచి, ఇంటింటి తక్కిన తుక్కును ఆ దారి పట్టించుడు. అయితే పంపుటకు ముందు లోపల ఏమున్నదో చూచి, నకలు తీసికొనుడు.

కార్యవర్గమువారికి నాదొక విన్నపము. గ్రంథాలయమున ఒక బీరువాను ఇందుకై కేటాయించుడు. అందు పనిచేయు పాత కంప్యూటరొకటి, క్యాసెట్టు యంత్రమొకటి, వాని తీగలు, వాడు విధము వ్రాసిన పుస్తకము ఉంచుడు. మాస్టారు తమ యంత్రమును ఇచ్చుటకు అంగీకరించిరి. నేను ప్రతి ఆదివారము సాయంకాలము వచ్చి కూర్చుందును. మీ యిండ్లలో పెండ్లి క్యాసెట్లు, గతించిన తల్లిదండ్రుల కంఠస్వరములున్న టేపులు, తెరవనిరాని ఫ్లాపీలు ఉన్నచో తెండు. వచ్చినంత తీసి, రిజిస్టరులో వ్రాసి, నకలుతో మీ వస్తువు మీకు తిరిగి ఇత్తుము. ఎవరి యింటనైన ఆ నాట్లపాటలు పలికిన పాత క్యాసెట్టు ఒక్కటి దొరకునేమో యను ఆశ నాకున్నది.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొననాటికి ఈ సంచిక అప్పటి పిల్లలకు చదువ వీలగునట్లు నిలిచియుండవలెనని కోరుచున్నాను.