లెక్క ఒక్కటి, కిటికీలు మూడు

కంప్యూటరు తెరమీద కనిపించు అంకెలను మనము నమ్ముదుము. బ్యాంకులో నిల్వయైనను, రైలులో బెర్తుయైనను, ఆసుపత్రిలో మందుల మోతాదైనను తెర చూపినదే నిజమని తలచి మన పనులు చక్కబెట్టుకొందుము. అయితే ఒకే సంగతిని రెండు తెరలు రెండు విధములుగా చూపినచో దేనిని నమ్మవలెను? ఈ చిక్కు రాకుండునట్లు ప్రోగ్రాములు వ్రాయువారు అవలంబించు రెండు పద్ధతులను గూర్చి నేడు ముచ్చటింపదలచినాము. మొదటిదాని పేరు మోడల్-వ్యూ-కంట్రోలర్. రెండవదాని పేరు అబ్జర్వర్. పేర్లు కొత్తవైనను ఇందలి ధర్మము మన ఇండ్లలోను, కచేరీలలోను ఎరిగినదే.

ఉదాహరణకు మా వృత్తిలోని పనినే తీసికొందము. రేడియో కేంద్రములో ప్రసారములకు ఒక క్యూ షీటు ఉండును. ఏ అంశము ఎప్పుడు మొదలగును, ఎన్ని నిమిషములు నడచును, దాని వెనుక ఏది రావలెను అను వివరములు అందులో ఉండును. దీనిని నడుపుటకు ఒక ప్రోగ్రాము వ్రాసితిమనుకొందము. డ్యూటీ రూములోని బల్లమీది కంప్యూటరులో అది మూడు కిటికీలను తెరచును. మొదటి కిటికీలో అంశముల పట్టిక. రెండవది అద్దము అవతల అనౌన్సరుకు ఎదురుగా అమర్చిన తెరమీద కనిపించును. అందులో తరువాతి అంశము, దానికి మిగిలిన వేళ. మూడవది ముద్రణకు సిద్ధమగు షీటు.

సాయంకాలము 6 గంటలనుండి 7 వరకు అరవై నిమిషములు. రైతుల కార్యక్రమము 30, జానపద గేయములు 10, ప్రసంగము 10, లలిత సంగీతము 10. ఏడింటికి వార్తలు, ఆ వేళ కదలదు. 6 గంటల 35 నిమిషములకు తుపాను హెచ్చరిక వచ్చినది: మత్స్యకారులు సముద్రములోనికి పోరాదు. చదువుటకు రెండు నిమిషములు కావలెను. డ్యూటీ ఆఫీసరు సంగీతమును ఎనిమిది నిమిషములకు తగ్గించి, దానికి ముందు హెచ్చరికను చేర్చినాడు. పట్టికలో మార్పు కనబడినది. మొత్తము అరవైకి సరిపోయినది. కాని అనౌన్సరు ముందున్న కిటికీకి ఆ వార్త చేరలేదు. ప్రసంగము ముగియగానే ఆమె పది నిమిషముల పాటను వేసినది. పాట కాగానే వార్తలు. హెచ్చరిక చదువనే లేదు. ప్రోగ్రాము ఆగిపోలేదు, తప్పు జరిగినదని తెలుపు సందేశమేదియు రాలేదు. రెండు కిటికీలును నిబ్బరముగా వెలుగుచునే ఉన్నవి. అట్టి వేళ మనిషి పరుగెత్తిపోయి చెప్పవచ్చును. కాని పరుగెత్తవలసివచ్చినచో ఆ యంత్రమెందులకు?

ఇట్లేల జరుగును? తొందరలో వ్రాసిన ప్రోగ్రాములో ప్రతి కిటికీయు తన లెక్కను తానే దాచుకొనును. పట్టికలో మీట నొక్కగానే ఆ మీట వెనుకనున్న ఆదేశములే అంకెను మార్చి, పట్టికను తిరిగి గీసి, రెండవ కిటికీకి చెప్పి, మూడవదానిని సరిదిద్దవలెను. మార్పు చేయగల తావులు అయిదు, కిటికీలు నాలుగు అయినచో ఇరువది చోట్ల కబురు పంపవలెను. పందొమ్మిది చోట్ల జ్ఞాపకముండి ఒక్కచోట మరచినను చాలును. కొత్తగా ఒక కిటికీని చేర్చిన ప్రతిసారియు ఈ మరుపునకు మరికొంత అవకాశము కలుగును.

దీనికి మందు పనులను విడదీయుట. మొదటి భాగము మోడల్, దీనిని మూలమందము. అసలు లెక్క ఇక్కడ మాత్రమే ఉండును. అంశములు, వాని నిడివి, మొత్తము అరవై దాటరాదను నియమము దీని సొత్తు. తెర ఎట్లుండునో, అక్షరము ఏ రంగుదో దీనికి తెలియదు. రెండవది వ్యూ, అనగా దృశ్యము. ఇది మూలమును చూచి తెరమీద గీయును. తన సొంత లెక్కను ఉంచుకొనదు. మూడవది కంట్రోలర్, అనగా నియంత. మీటలను, మౌసు కదలికలను ఇది అందుకొనును. డ్యూటీ ఆఫీసరు ఎనిమిది అని కొట్టగా, నాలుగవ అంశము నిడివిని ఎనిమిది చేయుమని మూలమును కోరును. అంతియే గాని తెరమీది అంకెను తాను స్వయముగా దిద్దదు. ఇంటి పద్దు పుస్తకమొక్కటే, చూచువారు పలువురు, వ్రాయవలసినవారు పుస్తకములోనే వ్రాయవలెను.

ఈ విభజనను చేసినవాడు నార్వే దేశీయుడైన ట్రిగ్వె రీన్‌స్కౌగ్. అంతకుముందు ఆయన నౌకానిర్మాణమునకు ఉపకరించు ప్రోగ్రాములు రచించినవాడు. 1978-79లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనా కేంద్రమునకు వచ్చి స్మాల్‌టాక్ భాషతో పనిచేసెను. 1979 మే నెలలో వ్రాసిన మొదటి పత్రములో భాగములు నాలుగు. అడెల్ గోల్డ్‌బెర్గ్ మొదలగువారితో చర్చించిన పిమ్మట డిసెంబరు నాటికి నేటి మూడు పేర్లు నిలిచినవి. మనిషి మనస్సులోని రూపమునకును, యంత్రములోని రూపమునకును నడుమ వారధి కట్టుటయే ఆయన ఉద్దేశము.

ఇక్కడ ఒక ప్రశ్న. మూలమునకు తెర సంగతి తెలియరాదంటిమి. మరి లెక్క మారినదని దృశ్యములకు ఎవరు చెప్పవలెను? ఇందులకే అబ్జర్వర్, అనగా పరిశీలకుల పద్ధతి. మా కార్యక్రమ పత్రికను తలచుకొనుడు. చందాదారు తన చిరునామా వ్రాయించుకొనును. సంచిక వెలువడగానే చిట్టాలోనున్న వారందరికిని పంపుదుము. వారు దానిని వీధి అరుగుమీద చదివెదరో, వంటయింటిలో చదివెదరో కార్యాలయమునకు అక్కరలేదు. అట్లే ప్రతి కిటికీయు తెరుచుకొనగానే మూలము వద్ద తన పేరు నమోదు చేసికొనును. లెక్క మారగానే మూలము చిట్టాను పైనుండి క్రిందికి చదివి ప్రతివారికి ‘మారితిని’ అని చెప్పును. వారు వచ్చి చూచుకొందురు. ఇరువది కబుర్లకు బదులు నాలుగు నమోదులు, ఒక్క చాటింపు. అయిదవ కిటికీ వచ్చినను మూలములో ఒక్క అక్షరము మార్చనక్కరలేదు.

రేడియో ప్రసారమునకును దీనికిని తేడా గమనింపదగినది. రేడియో ఎవరు వినుచున్నారో ఎరుగక ఆకాశములోనికి పలుకును. పరిశీలకుల పద్ధతిలో చిట్టా ఉండును. ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిస్సిడెస్ అను నలుగురు 1994లో వెలువరించిన గ్రంథములో ఇరువది మూడు నిర్మాణ సరళులను వివరించిరి. అందు ఇదియు ఒకటి. దీనికి వారు చెప్పిన మారుపేర్లలో ప్రచురణ-చందా అనునది కలదు.

చిట్టా ఉన్నచోట చిట్టాకు సంబంధించిన చిక్కులును ఉండును. మొదటిది, ఇల్లు మారిన చందాదారు. కిటికీని మూసినను పేరు కొట్టివేయనిచో మూలము దానిని పట్టుకొనియే ఉండును. దినమంతయు తెరచి మూయు కిటికీల శవములు జ్ఞాపకశక్తిని నింపివేసి యంత్రము మందగించును. కావున మూయునప్పుడు పేరు తీయించుట తెరచునప్పుడు వ్రాయించుటంత ముఖ్యము. రెండవది, సగము పనిలో చాటింపు. సంగీతమును ఎనిమిదికి తగ్గించగానే చాటినచో మొత్తము 58 అగును. అనౌన్సరు తెరమీద రెండు నిమిషముల ఖాళీ మెరయును. తగ్గించుట, చేర్చుట రెండును ఒకే పనిగా ముగించి పిమ్మట ఒక్కసారి చాటవలెను. మూడవది, ప్రతిధ్వని. వార్త విన్న కిటికీ తిరిగి మూలమును మార్చినచో మూలము మరల చాటును, కిటికీ మరల మార్చును; దీనికి అంతులేదు. వినువారు చూచుకొనవలెనే గాని చేయి పెట్టరాదు. విలువ నిజముగా మారనప్పుడు మూలము మౌనముగా ఉండుట మరియొక రక్ష.

నేటి పరికరములలో ఈ మూడు భాగములు అచ్చముగా విడివిడిగా ఉండవు. 1998లో జావా భాషలో భాగమైన స్వింగ్ సామగ్రిలో దృశ్యమును, నియంతను చాలవరకు కలిపివేసిరి. మూలమును మాత్రము వేరుగానే ఉంచిరి. మన పట్టిక కిటికీని దానితో కట్టినచో, పట్టికకు ఒక మూలము, ఆ మూలమునకు వినువారు ఉందురు. ఈ విడదీయుటవలన మరియొక లాభము కలదు. తెర లేకయే మూలమును పరీక్షింపవచ్చును. 61 నిమిషములు ఇచ్చి అది నిరాకరించునో లేదో చూడవచ్చును. మీట నొక్కు మనిషి అక్కరలేదు.

ఒక్క కిటికీ, ఒక్క లెక్క గల చిన్న ప్రోగ్రామునకు ఇంత ఏర్పాటు బరువే. ఇద్దరున్న ఇంటికి చిట్టా గుమాస్తా అక్కరలేదు. కాని ఒకే సంగతిని ఇద్దరు చూడవలసి వచ్చిన క్షణమున ఈ శ్రమ ఫలించును. లెక్క ఒక్కచోట, మార్పు ఒక్క ద్వారమున, చాటింపు అందరికి: సారమింతియే. ఇకమీదట ఏ కచేరీలోనైనను రెండు తెరలు రెండు అంకెలు చూపినచో యంత్రము తప్పినదని ఊరకుండక, అసలు లెక్క ఎక్కడ ఉన్నదని అడుగుడు. ఆ ప్రశ్నకు ఒక్క సమాధానమే వచ్చినచో దిద్దుట సులభము. రెండు వచ్చినచో తప్పు అక్కడనే ఉన్నదని మనవి చేసి విరమించుచున్నాము.