తెర మీద కారా, లారీయా?



కంప్యూటర్ తెర మధ్యలో ఒక బొమ్మ తళుక్కుమని మాయమవుతుంది. కారా, లారీయా? అదే క్షణంలో తెర అంచున ఇంకో కారు. ఎటువైపు? సరిగ్గా చెబితే, మళ్లీసారి ఇంకా తక్కువసేపు కనిపిస్తుంది. చిన్నపిల్లల ఆటలా ఉంది కదూ?

అమెరికాలో ‘యాక్టివ్’ అనే పెద్ద అధ్యయనంలో, 65 ఏళ్లు దాటినవారిలో కొందరికి ఈ శిక్షణే ఇచ్చారు. పదేళ్ల తర్వాత చూసినా, శిక్షణతో వచ్చిన చురుకు కొంత మిగిలే ఉంది. గుర్తుంచుకోండి, వాళ్లు మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, లేనివాళ్లు.

మరి మరుపు మొదలైనవాళ్లకో? తొలిదశలో కొంత మేలు కనిపించింది. కొంతే! డిమెన్షియా వచ్చాక మేలు జరుగుతుందనడానికి ఆధారాలు బలహీనం. జబ్బును ఆపే ఆట ఏదీ లేదు. అలాంటి ఆశలు పెట్టే ప్రకటనలు ఇచ్చిందన్న అభియోగంపై మెదడు ఆటలు అమ్మే లుమోసిటీ సంస్థ 2016లో అమెరికాలో 20 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. ఇలాంటి ఆటలపై, ఆరోగ్యంగా ఉన్న పెద్దల మీద జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే, ఇంట్లో ఒంటరిగా ఆడినవాళ్లకు పెద్దగా లాభం లేదు. నేర్పేవారి ఎదుట, నలుగురితో కలిసి చేసినవాళ్లకే ఉంది. వారానికి మూడుసార్లు చాలు. కాబట్టి తాతయ్య చేతికి ట్యాబ్ ఇచ్చి వెళ్లిపోకండి. పక్కన కూర్చోండి.

మరుపు కొత్తగా మొదలైతే మాత్రం ఆటకన్నా ముందు డాక్టరు. బి-12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా మతిమరుపు రావచ్చు. వాటికి మందులున్నాయి.