రాష్ట్ర విభజనము – మిగిలిపోయిన మనము
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సభలో ప్రగతి నివేదిక చదువుట ఆచారము. అది అచ్చయి మీ చేతులలోనే ఉన్నది గనుక నేను వేరొక సంగతి మనవి చేసుకొందును. మన పాఠశాల ఆంధ్ర రాష్ట్రము కంటె వయసులో పెద్దది. ఇది పుట్టిననాడు కోయంబత్తూరు, మధుర, గుంటూరు, అనంతపురము ఒకే మదరాసు రాష్ట్రములోని జిల్లాలు. 1953 అక్టోబరు 1న రాష్ట్రము చీలినది. మనము ఉన్నచోటనే ఉన్నాము. మన సంఖ్యాబలము మాత్రము రాత్రికి రాత్రి మారిపోయినది.

కొంతకాలము క్రిందట పదవ తరగతి పిల్లలకు బ్రిటను యూరోపియన్ యూనియన్ నుండి వైదొలగిన వృత్తాంతము చెప్పుచుంటిని. 2016 జూన్ 23న ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 51.9 మంది విడిపోదమన్నారు, 48.1 మంది కలిసియుందమన్నారు. స్కాట్లండు, ఉత్తర ఐర్లండు కలిసియుండుటకే మొగ్గినవి. ఆపైన పార్లమెంటులో ఎవరి మాటా నెగ్గలేదు. 2019 జనవరి 15న ప్రధాని థెరెసా మే తెచ్చిన ఒప్పందమునకు అనుకూలముగా 202 ఓట్లు, ప్రతికూలముగా 432 ఓట్లు పడినవి. 2020 జనవరి 31న గాని వారు బయటపడలేదు. ఒక బాలిక లేచి, "ఫ్రాన్సులో, స్పెయినులో కాపురమున్న ఆంగ్లేయులు ఏ వైపు ఓటు వేసినారు టీచర్?" అని అడిగినది. పదునైదేండ్లకు మించి విదేశములో ఉన్నవారికి అప్పుడు ఓటే లేదని చెప్పినాను. చెప్పుచుండగానే మా తాతగారు జ్ఞప్తికి వచ్చినారు.

1952 ఎన్నికలలో మదరాసు శాసనసభలోని 375 స్థానములలో కాంగ్రెసుకు దక్కినవి 152. ఆ సభను నడపుటకు ఎన్నికలలో నిలువని రాజాజీని తెచ్చి ముఖ్యమంత్రిని చేసినారు. తెలుగు నాయకులు తమ జిల్లాలతోబాటు చెన్నపట్నము కావలెనన్నారు. తమిళ నాయకులు పట్నము ఇచ్చునది లేదన్నారు. పట్నముపై హక్కు వదలుకొనిన రాష్ట్రము ఇయ్యవచ్చునని 1949లోనే నెహ్రూ, వల్లభభాయి, పట్టాభి సంఘము చెప్పియుండెను. 1952 అక్టోబరు 19న దీక్ష పూనిన పొట్టి శ్రీరాములుగారు 58 దినములు ఉపవసించి డిసెంబరు 15 రాత్రి కన్నుమూసినారు. తెలుగు జిల్లాలు భగ్గుమన్నవి. 19వ తేదీన నెహ్రూ రాష్ట్రమును ప్రకటించినారు. పట్నము మాత్రము రాలేదు. కర్నూలులో గుడారములు వేసి కచేరీలు నడపినారు. ఏడాది దాటిన నెలకే, 1954 నవంబరులో, మద్యనిషేధము విషయమై ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయినది.

ఆంధ్ర రాష్ట్రము వద్దనవలసినదని నేననను. అక్కడివారి కష్టములు అక్కడివారికి తెలియును. కాని ఆ వాదములలో బళ్ళారి వినిపించినది, చిత్తూరు వినిపించినది, తిరుత్తణి వినిపించినది. నాయక రాజుల నాటి నుండి ఇక్కడనే పుట్టి గిట్టుచున్న మన ఊళ్ళ పేరు ఏ పక్షము వారి నోటా రాలేదు.

నా పుట్టినిల్లు మధుర. తాతగారికి దక్షిణ మాసి వీధిలో బట్టల దుకాణము. వారి తమ్ముడు, మా చిన్నతాత, రెవెన్యూ శాఖలో గుమాస్తా. ఉద్యోగుల పంపకములో ఆయన ఆంధ్రమును కోరుకొన్నారు. "మన రాష్ట్రమునకు పోవుచున్నాను అన్నయ్యా" అన్నారట. "మరి ఇది ఎవరిది?" అని తాతగారు. ఆ మాటమీద అన్నదమ్ములకు పలుకులు నిలిచిపోయినవి. కర్నూలు నుండి వచ్చిన ఉత్తరములను తాతగారు చదివెడివారు, బదులు వ్రాసెడివారు కారు. ఒక ఉత్తరములో చిన్నతాత, "ఇక్కడ నన్ను అరవవాడని పిలుచుచున్నారు" అని వ్రాసినారు. ఇక్కడ తాతగారిని వీధిలో వడుగర్ అనెడివారు. మా అత్తయ్య పెండ్లిలో గాని ఇరువురూ ఒక పంక్తిలో కూర్చుండలేదు. అప్పుడు కూడ మాటలాడుకొన్నది వంకాయ కూర గురించియేనని నాయనమ్మ చెప్పి నవ్వెడిది.

తరగతిలో పదుగురు గాని, బడి మొత్తము మీద నలుబదిమంది గాని ఉన్నచో మాతృభాషలో చెప్పు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లో రాష్ట్రముల విద్యామంత్రులు తీర్మానించినారు. 1956లో రాజ్యాంగమునకు 350-ఎ అధికరణము చేరినది. 2006 నాటి చట్టముచే తమిళము ఒకటవ తరగతి నుండి క్రమముగా అనివార్యమైనది. తమిళమన్న మనకు వైరము లేదు, మన పిల్లలు దానిని మనకంటె చక్కగా మాటలాడుదురు. అయినను మన ఒకటవ తరగతి నేడు ఆ పది అన్న సంఖ్య అంచున నిలిచియున్నది.

కిందటి తల్లిదండ్రుల సమావేశము మీరెరుగుదురు. ఒకటవ తరగతిని ఆంగ్ల మాధ్యమము చేయవలెనని ఒక వర్గము, కూడదని ఒక వర్గము. వేరు వేరు బల్లలపై కూర్చున్నారు. భార్య ఒక వైపు, భర్త ఒక వైపు చేయెత్తిన దంపతులూ ఉన్నారు. నా అభిప్రాయము దాచను: తెలుగు నిలువవలెను, ఆంగ్లము ఇప్పటికంటె గట్టిగా నేర్పవలెను. నన్ను కలవరపెట్టినది ఓట్ల లెక్క కాదు. హాజరు పుస్తకము చూచుకొనగా తెలుగు తరగతులలో చదువు పిల్లల తల్లులు అనేకులు ఆ ఉదయము రానేలేదు. వారు వేకువన లేచి నగర వీధులు ఊడ్చువారు. ఇంట తెలుగు తప్ప మాటలాడరు. సమావేశమును పది గంటలకు పెట్టినదానను నేనే. అంతవరకు ఆ ఆలోచనయే నాకు తట్టలేదు.

కావున పాలకవర్గము అనుమతితో ఆ ఓటును రద్దు చేసినాము. వచ్చు ఆదివారము సాయంకాలము ఆరు గంటలకు, ఈ ప్రాంగణముననే, మరల కూడుదము. వ్రాయ చదువ రాని తల్లులకు చీటీ బదులు రెండు రంగుల గింజలు ఉంచుచున్నాము. పూర్వ విద్యార్థులకు ఓటు లేదు. కాని వీధి వీధికి వెళ్ళి ఆ తల్లులకు కబురు చెప్పుటకు పదునైదుగురు కావలెను. పేర్లు ఇయ్యదలచినవారు సభ ముగిసిన పిమ్మట గ్రంథాలయ గదిలో తమిళ పండితులవారిని కలిసికొనగలరు.