హృదయం: నాలుగు గదులు, నాలుగు తలుపులు

ఈనాటి పాఠంలో మానవ హృదయ నిర్మాణాన్ని గురించి తెలుసుకుందాం. దాని భాగాల పేర్లు మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. అయితే ఆ భాగాలు అలాగే ఎందుకు ఉన్నాయి? ఒక్కదానిలో లోపం వస్తే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలు మనసులో ఉంచుకొని పాఠాన్ని అనుసరించండి.

ముందుగా మీ పిడికిలి బిగించండి. హృదయం ఇంచుమించు అంతే ఉంటుంది. పెద్దవారిలో దీని బరువు సుమారు 300 గ్రాములు. రెండు ఊపిరితిత్తుల మధ్య, మొన ఎడమవైపునకు వాలి ఉంటుంది. అందుకే గుండె కొట్టుకోవడం ఎడమ ఛాతీపై బాగా తెలుస్తుంది. చుట్టూ రెండు పొరల హృదయావరణం, పొరల మధ్య రాపిడిని తగ్గించే కొద్దిపాటి ద్రవం ఉంటాయి.

లోపల నాలుగు గదులున్నాయి. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం మహాసిరల ద్వారా కుడి కర్ణికకు చేరుతుంది. దీనిని వాడుకలో 'చెడు రక్తం' అంటారు. నిజానికి అది చెడిపోయినది కాదు, ఆక్సిజన్ తగ్గినది మాత్రమే. అది కుడి జఠరిక నుండి పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులకు వెళ్తుంది. అక్కడ ఆక్సిజన్‌ను గ్రహించి, పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు, అక్కడినుండి ఎడమ జఠరికకు వస్తుంది. ఎడమ జఠరిక దానిని బృహద్ధమనిలోకి నెడుతుంది.

కుడి, ఎడమ జఠరికల మధ్య గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నాయని 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ భావించాడు. 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ దీనిని ఖండించి, రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమవైపునకు చేరుతుందన్నాడు. 1628లో విలియం హార్వే రక్తప్రసరణ చక్రాన్ని ప్రయోగాలతో, లెక్కలతో నిరూపించాడు.

ఇక గోడల మందం చూడండి. కర్ణికలు రక్తాన్ని పక్కనే ఉన్న జఠరికలకు పంపితే చాలు, కాబట్టి వాటి గోడలు పలుచన. కుడి జఠరిక దగ్గరలోని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమ జఠరిక తల నుండి కాలివేళ్ళ దాకా పంపాలి. అందుకే దాని గోడ కుడిదానికి సుమారు మూడు రెట్లు మందంగా ఉంటుంది. పని ఎంతో, కండరం అంత!

ఇప్పుడు తలుపుల సంగతి. కర్ణికకు, జఠరికకు మధ్య కుడివైపు త్రిపత్ర కవాటం, ఎడమవైపు ద్విపత్ర కవాటం ఉన్నాయి. రెండు పెద్ద ధమనుల మొదట్లో అర్ధచంద్రాకార కవాటాలున్నాయి. ఇవన్నీ ఒకవైపే తెరుచుకుంటాయి. జఠరిక బలంగా సంకోచించినప్పుడు, గాలివానలో గొడుగు తిరగబడినట్లు కవాటం వెనక్కి మడత పడకుండా గట్టి తంతువులు దానిని పట్టి ఉంచుతాయి. మనం వినే 'లబ్‌డబ్' ఈ తలుపులు మూసుకున్నప్పుడు పుట్టే శబ్దమే. మొదటిది కర్ణికా జఠరికా కవాటాలది, రెండవది అర్ధచంద్రాకార కవాటాలది.

ఈ తలుపు దెబ్బతింటే? మన దేశంలో నేటికీ ఎందరో పిల్లలు కీళ్లవాత జ్వరంతో కవాటాలు పాడుచేసుకుంటున్నారు. స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పితో ఇది మొదలవుతుంది. రెండు మూడు వారాల తరువాత జ్వరం, కీళ్ళ వాపులు వస్తాయి. బాక్టీరియాపై పోరాడవలసిన రక్షణ వ్యవస్థ గుండె కవాటాలను కూడా గాయపరుస్తుంది. 5 నుండి 15 ఏళ్ళ వయసులో, అంటే మీ వయసులోనూ మీ తమ్ముళ్ళ, చెల్లెళ్ళ వయసులోనూ, ఇది ఎక్కువ. కీళ్ళ నొప్పులు తగ్గిపోతాయి, కాని గట్టిపడి ముడుచుకుపోయిన ద్విపత్ర కవాటం తిరిగి మామూలుగా మారదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

ప్రతి గొంతునొప్పీ ఇలాంటిది కాదు, చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవే. ఏది ఏదో వైద్యుడే తేల్చాలి. అవసరమైతే ఆయన ఇచ్చే పెన్సిలిన్ వంటి మందును, నొప్పి తగ్గిందని మధ్యలో మానకుండా, చెప్పినన్నాళ్ళూ వాడాలి. ఒకసారి కీళ్లవాత జ్వరం వచ్చినవారు ఏళ్ళ తరబడి క్రమం తప్పక ఇంజెక్షన్లు తీసుకోవాలి. చవకైన ఆ మందు, ఖరీదైన కవాట శస్త్రచికిత్స అవసరాన్ని తప్పించగలదు.

పాఠం ముగించే ముందు మీకొక పని. ఒక నిమిషం మీ నాడి లెక్కపెట్టి, దానిని 1,440తో గుణించండి. ఒక రోజులో మీ గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో తెలుస్తుంది. ప్రతిసారీ ఆ నాలుగు తలుపులూ తెరుచుకొని మూసుకోవలసిందే!