రబ్బరును తిను సూక్ష్మజీవులు
(నరసరావుపేటలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పల్నాటి గ్రామములలో ఒకప్పుడు బండిచక్రము విరిగిన యెడల కర్ర పొయ్యిలోనికి, ఇనుప పట్టా కొలిమిలోనికి పోయెడివి. పెంటకుప్పకు మిగులునది ఏమియు లేదు. తరువాత టైరుబండ్లును, ట్రాక్టర్లును వచ్చినవి. అరిగిన టైరు ఎక్కడికి పోవుచున్నది? గురజాల, మాచర్ల మార్గములలో పర్యటించునపుడు దొడ్ల వెనుకను, చెరువుగట్ల మీదను వానిని మేము చూచుచునే యున్నాము. "పెంటలో పూడ్చిన కుళ్ళిపోదా?" అని పలువురు మమ్ము అడుగుచుందురు.

ప్రశ్న సమంజసమైనదే. రబ్బరు చెట్టు పాల నుండి వచ్చును గదా. చెట్టు నుండి వచ్చినది మట్టిలో కలియవలెను. కలియును కూడ. తొలకరి జల్లుకు నేల నుండి కమ్మని వాసన వచ్చుట మీరెరుగుదురు. ఆ వాసనకు మూలమగు స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులలో కొన్ని రబ్బరును ఆహారముగా గొనగలవు. రబ్బరు అణువు పొడవైన గొలుసు వంటిది. ఈ జీవులు ఒక ఎంజైమును వెలికి విడిచి, ప్రాణవాయువు సాయమున ఆ గొలుసును తుంచి, తునకలను లోనికి తీసికొనును. 1914లోనే హాలెండు శాస్త్రజ్ఞులు సోన్గెన్, ఫోల్ అనువారు ఇట్టి జీవులను గుర్తించిరి. నొకార్డియా అను మరియొక జాతి, పలుచని రబ్బరు చేతితొడుగు బరువులో నూటికి డెబ్బదియైదు పాళ్ళను రెండు వారములలో హరించినట్లు 1985లో జపాను పరిశోధకులు చూపిరి.

అయినను టైరు సంగతి వేరు. 1839లో గుడ్‌ఇయర్ అను అమెరికా దేశస్థుడు రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసి గట్టిపరచు విధము కనుగొనెను. గంధకము ఆ గొలుసులను ఒకదానితో నొకటి ముడివేయును. అట్టి వలలోనికి సూక్ష్మజీవి సులభముగా చొరజాలదు. పైగా టైరులో పెట్రోలియము నుండి చేసిన కృత్రిమ రబ్బరును, మసియు, ఉక్కు తీగెయు నుండును. కృత్రిమ రబ్బరును విరుచుట ఈ జీవులకు మిక్కిలి కష్టము. గంధకపు ముడులను విప్పు బాక్టీరియాలును కలవు గాని, అవి మెత్తగా పొడిచేసిన రబ్బరు పైపొరపై మాత్రమే పనిచేయును. కావుననే పత్తికట్టెయు పేడయు కొన్ని నెలలలో ఎరువైనను, ప్రక్కనున్న టైరు ఏండ్లు గడచినను టైరుగనే యుండును.

ఊరకే పడియున్న మేలే. కాని టైరు గుంటలో నిలిచిన వాననీరు డెంగీ దోమకు పుట్టినిల్లు. దాని గ్రుడ్లు నీరెండినను నెలల తరబడి బ్రతికియుండి, మరల తడి తగులగనే పిల్లలగును. తగులబెట్టుదమన్న, ఆ నల్లని పొగ ఊరివారి ఊపిరితిత్తులకు విషము.

2022 జూలైలో కేంద్ర ప్రభుత్వము నిబంధనలను సవరించి, పాత టైర్లను తిరిగి పనికి తెచ్చు బాధ్యతను తయారీదారులపై నుంచినది. వానిని నమోదైన కేంద్రములకు చేర్చు త్రోవ యున్నదన్నమాట. తొలకరికి ముందే మీ గ్రామములోని టైర్లను లెక్కించి ఒకచోట చేర్పింపుడు. కప్పు క్రింద చోటు లేనిచో, ఒక్కొక్క టైరుకు అడుగున రెండు మూడు రంధ్రములు పొడిపింపుడు, నీరు నిలువదు.